ఏ పాపం ఎరగని వేషం

మా మేళంల మంత్రగత్తె వేషమున్నది,
సవతి రాణి వేషమున్నది,
కత్తి పట్టి గంతులేసే రాచ్చసి గూడ ఉన్నది.
నాకు మాత్రం ముప్పై ఏండ్లు
ఏ పాపం ఎరగని రాణి వేషమే కావాలె.

మొగుడు అనుమానపడ్తడు, అత్త అడివికి తోలిస్తది,
తెల్లారకముందే తలారి కత్తి నూరుతడు.
అన్నీ తెల్సి తెల్సి
ప్రతి రాత్రి అదే అడివికి ఉరికిన.

ఎందుకంటవా?
నేనంత మంచిదాన్ని కాదు బిడ్డా.
యారాలి చెంబు దాచిన. కట్టని అప్పు కట్టిన్నని బొంకిన.
నేను నోరు తెరిస్తే మర్రిగూడ సంత సప్పుడు తగ్గేది.
ఊర్ల ఎవలి కోడి పోయినా
ముందుగాల నా గుడిసె దిక్కే చూసేటోళ్ళు.

అద్దం ముందల కూసోని
అర్దళం నూరి మొఖానికి పూసుకుంటుంటే
ఆ పసుపు కింద
కోళ్ళ దొంగ మెల్లమెల్లగ సచ్చిపోయేది.
పొనికి కట్టె భుజకీర్తులు కట్టంగనే
వీపుకు ఏడికెల్లో నిదానం వచ్చేది.

పండ్ల సంగతి చెప్పాలె.
మా బోరు నీళ్ళు తాగినోళ్ళ పండ్లు నీకెర్కనే,
తుప్పు పట్టిన గడపార తీరు.
నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని, అవి కనపడొద్దని.
జనం ఏమన్నరు?
'ఎంత అమాయకురాలో, నోరిడిసి నవ్వుడు గూడ రాదు పాపం.'
నేనేం చెప్పలే.

చండూర్ల ఓపారి షావుకారి ఇంట్ల వెండి కడెం పోయింది.
పగటిపూట పంచాయతిల
కన్నబిడ్డ నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టేసిన.
'బాగోతపుదానివి, నీకు ఏడ్సుడు నేర్పాల్నా' అన్నడు.
మూడొందలు తప్పు కట్టిచ్చిండ్రు.
వాని దుకాణంల చింతపండు తీసిన మాట నిజం.
కడెం తియ్యలే.

అదే రాత్రి, అదే ఊరు, పెట్రోమాక్సు కింద
నిండు సభల రాణి నిలవడ్డది.
'కన్నబిడ్డ సాక్షి, నేనెరుగ' అన్నది.
కొత్త మాట ఒక్కటి కలపలే.
పగటి మాటలకే జెర రాగం తగిలిచ్చిన.
షావుకారి వెక్కివెక్కి ఏడ్సిండు.
లేచొచ్చి నా కొంగుకు
పది రూపాయల నోటు పిన్నీసుతోని గుచ్చిండు.
తెల్లారి మూడొందలు తిరిగియ్యలే.
నేనూ అడగలే.
అడిగితే మళ్ళ కోళ్ళ దొంగనే అయ్యేదాన్ని గద.

ఇగ సచ్చే సీను.
కట్టె కత్తి మెడకు ఆనంగనే ఒక పక్కకు ఒరగాలె.
రెప్పమీద దోమ వాల్తది. కదలొద్దు.
బుచ్చిరాములు హార్మోనియం తిత్తి బిగవడ్తడు.
అప్పుడు వినాలె బిడ్డా,
చీకట్ల ముక్కులు చీదే సప్పుడు,
జొన్న చేన్ల వాన మొదలైనట్టు.
బతికుండంగ ఒక్క మంచి మాట దొరకనిదానికి
సచ్చి పడుకుంటే ఊరంత చుట్టం.
ఒక్కోనాడు లేవబుద్ధి గాకపోయేది.
తెర దించినంక ఎవలో కాలుతోని పొడిచి
'లే, బువ్వ సల్లారుతుంది' అనేటోళ్ళు.

ఇప్పుడు మోకాళ్ళు వంకర్లు పోయినయి, అత్త వేషం ఇచ్చిండ్రు.
నన్ను జూసి పోరగాండ్లు రాళ్ళేస్తరు.
బాగనే చేస్తున్ననని అర్థం.
నీ పద్యానికి మాత్రం తెరెనక నా పెదవులు కదుల్తనే ఉంటయి.

'ఆ రాణికి నోరు లేదా, తిరగవడదా' అంటవు.
నాకు నోరుండె. ఏం దెచ్చింది?
అయినా నీ రాణి నీది. తిరగవడితే తిరగవడు,
పద్యం తప్పకుంటె సాలు.

కొంగు మాత్రం అడ్డం పెట్టుకోకు.
నల్లా నీళ్ళు తాగి పెరిగినవు, పండ్లు తెల్లగున్నయి.
గా తెల్లటి నవ్వుతోని
నిన్ను ఎట్ల నమ్ముతరో
నాకైతే తెల్వది.